ఆకలి గోలీలు

వెంకవ్వ మొగుడి కంటే ముందు ముద్ద ముట్టదు. పెర్కిట్‌లో ఆర్మూర్ పక్కనే ఆమె ఉండే గల్లీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే మనిషికి ఆకలి కాదా అంటే, ఎందుకు కాదు, కళ్లు తిరిగేంత అవుతుంది. అయినా హన్మాండ్లు తిని చెయ్యి కడిగేదాకా ఆమె కంచం బోర్లించే ఉంటుంది. అది అత్త నేర్పిన పద్ధతి. అత్త పోయింది గానీ పద్ధతి పోలేదు. హన్మాండ్లు దుబాయిలో ఉన్న ఏళ్లలోనైతే మరీ విడ్డూరం. ఆయన ఫోన్ చేసి తిన్నానని చెప్పాకే ఈవిడ అన్నం పెట్టుకునేది.

"సిగ్నల్ లేకుంటే సస్తవా ఏందే అక్కా?" అని పక్కింటి రోజారాణి ఎగతాళి చేసేది.

"సస్తే సస్త, నీకేంది నొప్పి?" అనేది వెంకవ్వ.

అలాంటి ఇంట్లో మొగుడికి ఆకలి చచ్చిపోతే ఆ ఆడమనిషి గతేమిటో వేరే చెప్పాలా!

దుబాయి నుంచి వచ్చాక హన్మాండ్లు ఆర్మూర్ మార్కెట్ యార్డులో హమాలీగా చేరాడు. పసుపు బస్తాలు మోసిన మనిషి. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని తేలిన దగ్గర్నుంచి మాత్రం రోజురోజుకీ కరిగిపోతున్నాడు. అన్నం చూస్తే మొహం తిప్పుకుంటాడు. హైదరాబాద్ దవాఖానలో పెద్ద డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు: ఈ ఒంటికి క్యాన్సర్ మందు ఎక్కిస్తే తట్టుకోలేదు, బరువు పెరిగితేనే మొదలుపెడతాం అని. మందు ఎక్కించకపోతే ఏమవుతుందని వెంకవ్వ అడగలేదు. అడగకుండానే తెలిసింది, పాపం.

అదే దవాఖానలో మహేశ్వరి అనే డాక్టరమ్మ ఇలా చిక్కిపోతున్న రోగుల ఆకలి మీదే పరిశోధన చేస్తోంది. హన్మాండ్లును అందులో చేర్చుకునే ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా విడమర్చింది.

"కడుపు ఖాళీ అయితే అక్కడ్నుంచి ఒక కబురు మెదడుకు పోతదమ్మా. దాని పేరు గ్రెలిన్. మెదడుల దానికోసం తాళం లాంటిది ఒకటుంటది, రిసెప్టర్ అంటం. కబురు తగిలి ఆ తాళం తెరుచుకుంటే మనిషికి ఆకలైతది. దాంతోటే గ్రోత్ హార్మోన్ గూడ విడుదలైతది. పిల్లలు పెరిగేది గా హార్మోన్‌తోనే. నేనిచ్చే ఈ గోలీ గూడ గా కబురు లెక్కనే పనిచేస్తది."

"అంటే మీసాలు నెరిసినంక గీయన మళ్ల పెరుగుతడా?" అంది వెంకవ్వ.

డాక్టరమ్మ నవ్వింది. "పెరగడమ్మా. ఉన్న కండ తరగకుంట ఉంటె చాలు."

వెంకవ్వకు సగమే అర్థమైంది. ఆ సగం చాలనుకుంది.

ఇంటికొచ్చాక రోజూ పరగడుపున తన చేత్తోనే గోలీ వేసి, కాసేపు ఆగి జావలా వండిన జొన్న గట్క పెట్టేది. మొదట్లో హన్మాండ్లు రెండు ముద్దలు తిని చాలనేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "ఏమే, ఇంకో రొట్టె ఉన్నదా?" అన్నాడు. అంతే! వెంకవ్వకు కాళ్లు నేల మీద ఆగలేదు. గల్లీ అంతా తిరిగి చెప్పుకొచ్చింది. ఆ రోజు నుంచి పచ్చిపులుసు ఒకనాడు, సర్వపిండి ఒకనాడు, ఏది వండినా ఆయన తినేవాడు. ఆయన తిన్నాక ఆమె కడుపునిండా తినేది. తిన్న తర్వాత హన్మాండ్లు చాలాసేపు బాత్‌రూంలో ఉండేవాడు. లోపల నల్లా ధారగా పారుతుండేది. సంతోషంలో మునిగిన మనిషికి అవన్నీ వినపడతాయా?

తర్వాతిసారి దవాఖానలో తూకం వేస్తే హన్మాండ్లు మునుపటికన్నా తగ్గాడు.

"గీ కాంట ఖరాబైంది, మేడం. మా యార్డుల కాంటనే నయం" అని వెంకవ్వ జగడానికి దిగింది.

మహేశ్వరి రక్తపరీక్ష ఫలితం ముందు పెట్టుకుంది. "గోలీ రోజూ వేస్తున్నవా అమ్మా?"

"నా చేతులతోని ఏస్తున్న."

"అయితే తాళమే తెరుచుకుంటలేదు. గ్రోత్ హార్మోన్ రక్తంల ఏం పెరగలే. కొందరికి ఎందుకు గిట్లయితదో మాకు ఇంక తెల్వదు."

"తెరుచుకోకుంటే రొట్టె మీద రొట్టె ఎట్ల తింటుండమ్మా?"

డాక్టరమ్మ హన్మాండ్లు వైపు తిరిగింది. "నిజం చెప్పు కాకా. ఆకలైతున్నదా?"

ఆయన తలవంచుకున్నాడు. "లేదు బిడ్డా. ఒక్కనాడు గూడ కాలే."

"మరి తిన్నదంతా?"

"బాత్‌రూంల కక్కుతున్న." భార్య వైపు చూడకుండానే చెప్పాడు. "నేను తినకుంటే ఇది తినది. దుబాయిల ఉన్నప్పుడు రూంల పస్తున్నా, తిన్ననే అని ఫోన్ల చెప్పేటోన్ని. గదే అలవాటైంది."

వెంకవ్వ ఆయన జబ్బ మీద ఒక్కటేసింది. అది జబ్బలా లేదు, ఉత్త ఎముక. "ఎంత పాపం చేయించినవయ్యా నాతోని! ఇన్నొద్దులు నేను నీకు బువ్వ పెడుతున్న అనుకున్న. నా కోసం నిన్ను సంపుకుంటున్ననా?" అని అక్కడే కూలబడి ఏడ్చింది. నర్సులు తొంగిచూసినా ఆగలేదు.

మహేశ్వరి గోలీలు ఆపేసింది. క్యాన్సర్ మందు ఎక్కించడం ఇక కుదరదని, బలవంతంగా ఏమీ పెట్టొద్దని మెల్లగా చెప్పింది. పరిశోధన కోసం ఆఖరుసారి కొంచెం రక్తం ఇస్తావా అని అడిగింది.

"తీస్కో బిడ్డా" అని హన్మాండ్లు చెయ్యి చాపాడు. "నాది ఎందుకు తెరుచుకోలేదో చూడుండ్రి. ఇంకోని ఇంట్ల ఆడామె అన్న తింటది."

పెర్కిట్‌లో బస్సు దిగి ఇంటికెళ్లేసరికి పొద్దు వాలుతోంది. వెంకవ్వ మొగుణ్ని మంచం మీద పడుకోబెట్టి పొయ్యి వెలిగించింది. అన్నం వార్చి, టమాటా కూర వండింది. రెండు కంచాలు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టేసింది. మంచం ఎదురుగా కూర్చుని తన కంచంలో అన్నం వడ్డించుకుంది.

చెయ్యి లేస్తే ఒట్టు. ఈ ముద్ద మింగితే ఆయన పోతాడని తానే ఒప్పుకున్నట్టు. మింగకపోతే ఆయన లేచి కూర్చుని, ఆకలవుతోందని మళ్లీ అబద్ధమాడతాడు. ఆడేవాడే, ఆమెకు తెలుసు. అప్పటికే మోచేతి మీద లేవబోతున్నాడు.

"పండుకో! నేను తింటున్న గద" అని గదమాయించి ముద్ద నోట్లో పెట్టుకుంది.

హన్మాండ్లు తల వెనక్కి వాల్చాడు. "ఎట్లుందే కూర?"

నోట్లో ఉప్పూ తెలియలేదు, కారమూ తెలియలేదు. కన్నీళ్లు కంచంలో పడుతున్నాయి.

"మంచిగుంది" అంది వెంకవ్వ, ఇంకో ముద్ద కలుపుకుంటూ.