గంగుబాయి పిలవని పేరు

“పిల్లగాడు తప్పిపోతే ఎట్లనే శోభా?”

ఇంకా బస్సెక్కింది లేదు, సంచి సర్దింది లేదు, అప్పుడే గంగుబాయి నోటి నుంచి వచ్చిన మాట ఇది. పిల్లవాడి అంగీలు మడతపెడుతున్న కోడలు శోభ చేతులు ఆగిపోయాయి.

“నువ్వే తీస్కపోత అంటివి, నువ్వే తప్పిపోతే అంటున్నవు. పంపాల్నా వద్దా, ఒక్కటి చెప్పు అత్తమ్మా.”

“పంపు, పంపు. వద్దని ఎవరన్నరు? ఊకెనే అన్న.”

“ఊకెనే అన్నవా! వాడు మల్లొచ్చేదాన్క నాకు నిద్ర లేకుంట చేస్తివి. సూడు, వానికేమన్న అయిందో, ఇదే ఆఖరు. మల్ల సెలవులకు నీ యెంట గడప దాటనియ్య.”

ఈ ప్రయాణం కోసం గంగుబాయి దసరా నుంచీ ఇంట్లో అందరినీ బతిమాలుతోంది. నిజామాబాద్‌లో ఒకే కప్పు కింద ఉంటున్నా మనవడు ఆమెకు దొరికేది ఎంతసేపు? పొద్దున బడి, సాయంత్రం ట్యూషన్. ఆమె ఒడిలో బీడీలు చుట్టే చాట, వాడి ఒడిలో పుస్తకం. మిషన్ బడికి క్రిస్మస్ సెలవులు ఇచ్చారు కదా, బోధన్‌లో మరిది భోజన్న ఇంట్లో కొన్నాళ్ళు వాణ్ణి తన దగ్గరే పడుకోబెట్టుకోవాలని, వాళ్ళ తాత పనిచేసిన చక్కెర ఫ్యాక్టరీ చూపించాలని ఆశ.

తాత పోయిన ఏడే ఈ మనవడు పుట్టాడు. కొడుకు తన తండ్రి పేరే వాడికి పెట్టుకున్నాడు, రాజారాం అని. పెనిమిటి పేరు ఆడది నోట పలకకూడదన్న కట్టుబాటులో పెరిగిన గంగుబాయి, ఆ పేరుతో మనవణ్ణీ ఏనాడూ పిలవలేదు. ఆమెకు వాడు నాన్న అన్నట్టుగా ‘బాపు’. వాడూ దానికే పలికేవాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెడితే తల బయట పెడతాడని భయం. ఇవతల కూర్చోబెడితే ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు కాళ్ళు తొక్కుతారని భయం. ఒళ్ళో పెట్టుకుంటే ఊపిరాడుతుందో లేదోనని ఇంకో భయం.

“అవ్వా, ఇడువు! నేను యాడికి పోత? బస్సు నడుస్తనే ఉంది గద!” అన్నాడు వాడు.

బోధన్ చేరిన మర్నాడు మధ్యాహ్నం వాణ్ణి ఫ్యాక్టరీ వైపు తీసుకుపోయింది. చెరుకు ఆడే క్రషింగ్ రోజులు. గేటు నుంచి రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు బారులు తీరి నిలబడ్డాయి. ఎడ్లు మెడలు వాల్చి నెమరు వేస్తున్నాయి. గాలి నిండా పులిసిన చెరుకు వాసన. పోరగాళ్ళు బండ్ల వెనక చేరి గడలు గుంజుతుంటే బండివాళ్ళు వాళ్ళ తాతల్ని, ముత్తాతల్ని కలిపి తిడుతున్నారు.

అంతలో సైరన్ మోగింది. గేటు తెరుచుకుని ఖాకీ బట్టల మనుషులు సైకిళ్ళు నడిపించుకుంటూ బయటికి వచ్చారు. టిఫిన్ డబ్బా పట్టుకుని ఒకప్పుడు తాను నిలబడింది ఈ గోడ పక్కనే. గంగుబాయి అలా చూస్తూ ఉండిపోయింది. ఎవరి కోసం చూస్తోందో ఆమెకే తెలియదు. ఒక్కొక్క మొహమే చూసింది. ఆ తర్వాత తన చేతికేసి చూసుకుంది. చేతిలో పిల్లవాడి చెయ్యి లేదు.

ముందుకు ఉరికింది. వాడు వెనకే ఉండిపోయాడేమోనని వెనక్కి మళ్ళింది. లేదు, గేటు వైపు పోయాడేమో. లారీలు తిరుగుతున్నాయి అక్కడ. ఎటు చూసినా బండ్లే, ఎటు చూసినా చెరుకే. తాను ఇప్పటిదాకా ఎక్కడ నిలబడిందో ఆ చోటు కూడా పోల్చుకోలేకపోయింది.

“బాపూ! ఓ బాపూ!”

లారీల రొదలో ఆ పిలుపు పక్క బండి దాకానే చేరింది. దాని మీద పడుకున్న బాపురావు అనే బండివాడు లేచి కూర్చున్నాడు. “ఏందవ్వా, నన్నేనా?”

“నిన్ను గాదు నాయనా. మా బాపు తప్పిపోయిండు.”

“మీ బాపా? నీకే గింత వయసుంటే ఆయనకెంత ఉంటదే! ఏ కల్లు దుకాన్లనో కూసుండొచ్చు, సూడు.”

“అయ్యో, మా మనవడు! చిన్న పోరడు! ఎర్ర స్వెటర్ తొడుక్కున్నడు.”

బాపురావు బండి మీంచి దుమికాడు. “ముందుగాల గట్ల చెప్పాలె గదా. పేరేంది?”

గంగుబాయి కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

“మా ఇంటాయన పేరే.”

“మీ ఇంటాయన పేరు నాకెట్ల ఎరుక?”

“దశరథ మహారాజు పెద్దకొడుకు లేడా, గాయన పేరుకు ముందల…”

“రాముడు! రామయ్యనా?” ముందు వెనక చూడకుండా బాపురావు గొంతెత్తాడు. “అరే రామయ్యా! ఓ రామయ్యా!”

ఆ కేక బండి నుంచి బండికి పాకింది. వరుస చివరి నుంచి ఒక ముసలాయన తలపాగా సర్దుకుంటూ వచ్చాడు. “రామయ్యను నేనే. నా ఎడ్లకేమన్న అయిందా?”

కొందరు నవ్వారు. గంగుబాయికి ఆ నవ్వులు కూడా సరిగ్గా వినబడలేదు. లారీ చక్రాలు కళ్ళలో తిరుగుతున్నాయి. ఇంటికి పోయి శోభకు ఏం చెప్పాలి? ఏ మొహంతో చెప్పాలి? ఆమె గేటు వైపు తిరిగి, నెత్తి మీది కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా, గొంతు చీలిపోయేలా అరిచింది.

“రాజారామూ! ఓ రాజారామూ!”

ఎవరూ పలకలేదు. మళ్ళీ అరిచింది, మళ్ళీ అరిచింది.

“అవ్వా, గా ఎర్ర స్వెటరేనా?” అన్నాడు బాపురావు.

నాలుగు బండ్ల అవతల ఒక బండి మీద, చెరుకు మోపుల పైన వాడు కూర్చుని ఉన్నాడు. చేతిలో గడ ఉంది కానీ నమలడం లేదు. కళ్ళు గేటు మీదే. గంగుబాయి వాణ్ణి కిందికి గుంజి వీపున ఒక్కటిచ్చింది. ఇచ్చి, తానే బోరున ఏడ్చింది. అంత దగ్గర నుంచి తన గొంతు విని కూడా ఎందుకు పలకలేదో ఆమెకు అంతుపట్టలేదు. అడిగితే వాడు మళ్ళీ గేటు వైపే చూశాడు.

ఇక బోధన్‌లో ఉండే ధైర్యం ఆమెకు లేకపోయింది. “ఏం తొందరొచ్చింది వదినే, నాల్గు దినాలుండరాదు?” అని భోజన్న ఎంత చెప్పినా వినకుండా మర్నాడు పొద్దున్నే వాణ్ణి బస్సెక్కించింది. వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఈసారి ఆమె వద్దనలేదు.

“బాపూ, అమ్మకు చెప్పకు బిడ్డా. చెప్తే మల్ల నా యెంట పంపది.”

వాడు బయటికి చూస్తూనే ఉన్నాడు. అలిగాడా? భయపడ్డాడా? దెబ్బకు జ్వరం గానీ వస్తోందా? నుదురు తాకి చూసింది. చల్లగానే ఉంది.

ఎడపల్లి దగ్గర బస్సు ఆగినప్పుడు వాడు ఇటు తిరిగాడు.

“అవ్వా, నన్నైతే బాపు అంటవు. నిన్న నువ్వు తాతను పిలిచినవు గద? నేను పైకెల్లి గేటు దిక్కే సూసిన. మస్తు మంది వచ్చిండ్రు. అండ్ల తాత ఎవరు?”

‘నిన్నే పిలిచిన బిడ్డా’ అనబోయింది గంగుబాయి. అంతలో, అరిచినప్పుడు తన మొహం బండ్ల వైపు లేదని గుర్తొచ్చింది. పిల్లవాడు తప్పిపోతే గేటుకేసి ఎందుకు అరిచింది? లారీలకు భయపడి కదా అనుకుంది. కాదేమో అనుకుంది. కండక్టర్ గంట కొట్టాడు. జానకంపేట్ వచ్చింది, పోయింది. ఎవరో ఆడమనిషి కోడిపుంజుతో ఎక్కింది. వాడు పుంజును చూడలేదు, అవ్వ మొహమే చూస్తున్నాడు. సారంగపూర్ దాటింది. నిజామాబాద్ ఇళ్ళు కనబడసాగాయి.

“పిలుసుడైతే పిలిసిన బాపూ,” అంది చివరికి. “ఎవర్ని పిలిసిన్నో నాకే సమజైతలేదు.”