రెండు పడకల బండి

మాంసం ముక్కలకు రొట్టెపొడి అద్ది నూనెలో వేస్తుంటే వెనక నుంచి విన్కో గొంతు వినిపించింది. "నాలుగు ఎక్కువే వేయించు బ్రెదా. ఇవాళ రెండు చోట్లకి తిరగాలి. దారిలో హోటళ్ళవాళ్ళకి డబ్బులు పోసే ఖర్మ మనకెందుకు?"

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. సముద్రానికి వెళ్ళాలన్నా, చావు ఇంటికి వెళ్ళాలన్నా, చివరికి అమ్మకానికి పెట్టిన బండిని చూసి రావాలన్నా ఆ ఇంట్లో ముందుగా పొయ్యి మీద బాణలి ఎక్కాల్సిందే. బ్రెదా ముక్కల్ని తిరగేసింది. పెళ్ళయిన కొత్తలో అయితే "నువ్వొచ్చి ఓ చెయ్యి వెయ్యొచ్చు కదా" అనేది. అని అని, నోరు నొప్పి పుట్టి మానేసింది.

ఇద్దరూ కిందటి ఏడాదే ఉద్యోగాల నుంచి దిగిపోయారు. నోవో మెస్తోలో కారవాన్లు తయారు చేసే ఫ్యాక్టరీలో ఆమె పరుపుల గలేబులు, కర్టెన్లు కుట్టేది. అతను అక్కడే ఫోర్‌మన్. ఇప్పుడు సొంత బండి ఒకటి కొనుక్కుని, ఒంట్లో ఓపిక ఉండగానే నాలుగు దేశాలు చుట్టి రావాలన్నది ఇద్దరి కోరికానూ. డబ్బు చెరిసగం. ఆమె సగం, తల్లి వదిలిపోయిన ఆపిల్ తోట అమ్మితే వచ్చింది. ఏ బండి అన్న దగ్గరే పేచీ. విన్కోకి మోటర్‌హోమ్ కావాలి. పాతదే, కానీ ఆరు పడకలు, స్నానాల గది, పెద్ద ఫ్రిజ్, ఓవెన్. బ్రెదాకు మామూలు వ్యాను చాలు. వెనక రెండు పడకలు, మూలన రెండు మంటల పొయ్యి ఉండే క్యాంపర్ వ్యాను.

"నీకోసమేనే ఇదంతా," అన్నాడు విన్కో, పళ్ళెంలోంచి వేడి ముక్క ఒకటి తీసుకుని ఊదుకుంటూ. "ఓవెన్ కూడా ఉందంటున్నాడు. ఇంట్లో చేసేవన్నీ రోడ్డు మీద కూడా చేసుకోవచ్చు నువ్వు."

వరమిస్తున్నవాడిలా అన్నాడు. ముందు రోజు కూతురు ఊర్ష్కా కూడా ఫోన్లో అదే పాట. "అమ్మా, ఆరు పడకలదే తీసుకోండి. జులై అంతా పిల్లలిద్దర్నీ నీ దగ్గర పడేయొచ్చు. నీకూ కాలక్షేపం." ఆ మాటకి బ్రెదాకు ఒళ్ళు మండింది. కాలం గడవక ఆమె ఏనాడూ బాధపడలేదు. ఉన్న కాలాన్నే తలా ఒక చెయ్యి వేసి పట్టుకుపోయారు.

ముందు క్రాన్ వెళ్ళి వ్యాను చూసి, తిరిగి వచ్చేటప్పుడు త్రెబ్న్యె దగ్గరి పల్లెలో మోటర్‌హోమ్ చూడాలని విన్కో ప్లాను. వెళ్ళేటప్పుడు అతనే కారు నడిపాడు. పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తున్న బ్రెదాకు ఆ ఆరు పడకలు, ఆ ఓవెన్ ఎక్కడో ముందే చూసినట్టు అనిపించింది. చూసింది మరి. పదిహేను వేసవులు చూసింది.

ఆ రోజుల్లో సముద్రానికి పోవాలంటే సరిహద్దు లేదు, పాస్‌పోర్టు లేదు. అంతా ఒకటే దేశం, ఇంకా ముక్కలు కాలేదు. ఫ్యాక్టరీ యూనియన్‌వాళ్ళు తీరాన పైన్ చెట్ల కింద కారవాన్లు వరసగా నిలబెట్టి ఉంచేవాళ్ళు. వంతులవారీగా ఒక్కో కుటుంబానికి పది రోజులు. వంతు వచ్చిందంటే బ్రెదాకు నెల ముందు నుంచే చేతినిండా పని. కూరిన మిరపకాయలు వండి గడ్డకట్టించాలి, బంగాళాదుంపలు బస్తాకెత్తాలి, పచ్చళ్ళు, జాములు, మాంసం డబ్బాలు, అత్తగారి మందులు, అత్తగారి దిండు. అక్కడికి చేరాక ఊళ్ళో వంటగది కంటే ఇరుకైన వంటగదిలో, ఊళ్ళో ఎండ కంటే మండే ఎండలో మళ్ళీ మూడు పూటలా వంట. కారవాన్లో అత్తగారు పెప్త్సా కాళ్ళు చాపుకుని కూర్చుని, "సముద్రపు గాలికి ఆకలెక్కువ అవుతుందమ్మాయ్, పొద్దుటి సూపు సరిపోలేదు" అనేది. మగవాళ్ళు చెట్ల కింద పేకాట. వాళ్ళ పుచ్చకాయ సముద్రంలో చల్లబడుతూ ఉండేది. కోసి పళ్ళెంలో పెట్టాల్సింది మాత్రం ఆమే.

అలాగని ఆ వేసవులంటే ఆమెకు కోపం లేదు. అదే విచిత్రం. తలుచుకుంటే చాలు, పైన్ జిగురు వాసన ముక్కులోకి వచ్చేస్తుంది. క్యాంపు మధ్యలో వరసగా సిమెంటు తొట్లు ఉండేవి. భోజనాలయ్యాక ఆడవాళ్ళందరూ ప్లాస్టిక్ టబ్బుల నిండా అంట్లు వేసుకుని అక్కడికి చేరేవాళ్ళు. వీపు మీద ఉప్పు ఎండి చురచురలాడుతుండగా, మోచేతులదాకా నురగతో, ఫ్యాక్టరీ మేనేజరు నడకను అనుకరిస్తూ, మొగుళ్ళ గురకలను వేళాకోళం చేస్తూ పగలబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల కోసమే ఆమె కావాలని అంట్లు ఎక్కువ చేసుకున్న రోజులు కూడా ఉన్నాయి. విన్కో కూడా అప్పుడు వేరే మనిషి. ఆమెకు ఈత నేర్పింది అతనే. వీపు కింద అరచెయ్యి పెట్టి "మునగవే, నేనున్నాగా" అంటూ, చెప్పకుండానే చెయ్యి తీసేశాడు. ఆమె తేలింది. ఆ క్షణంలో అతని మీద కలిగిన ప్రేమ ఇప్పటికీ పూర్తిగా ఆవిరైపోలేదు, అదే చిక్కు.

కానీ వాటన్నిటి కంటే పైన పెట్టుకున్న వేసవి ఇంకొకటి ఉంది. ఊర్ష్కాకి అప్పుడు ఐదేళ్ళు. ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరు రావడంతో ఫోర్‌మన్లకి సెలవులు రద్దు చేశారు. వంతు కారవాను ఇంకెవరికో పోయింది. బ్రెదా మాత్రం తన సెలవు వదులుకోలేదు. తమ ఊళ్ళోనే తయారయ్యే చిన్న కతర్‌త్సా కారుంటే, దాని వెనక సీటు ఊడబీకి అటక మీద పెట్టి, పరుపు ముక్క ఒకటి పరిచి, పిల్లను ఎక్కించుకుని బయల్దేరింది. "మొగుడు లేకుండా సముద్రానికా? జనం నవ్విపోతారు," అని పెప్త్సా గుమ్మంలో నిలబడి శోకాలు పెట్టింది. జనం నవ్వారో లేదో తెలీదు కానీ, అక్కడ తల్లీకూతుళ్ళు మాత్రం నవ్వారు. వెళ్ళిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా పొయ్యి ముట్టించలేదు. రొట్టె, టమాటాలు, చేతుల మీదుగా రసం కారిపోయే పీచ్ పళ్ళు. నచ్చిన చోట కారు ఆపుకుని పడుకునేవాళ్ళు. తెల్లారుతూనే నీళ్ళలోకి. మధ్యాహ్నం చెట్టు నీడలో ఆమె పుస్తకం చదువుకుంటుంటే పిల్ల ఆమె కడుపు మీద తల పెట్టుకుని నిద్రపోయేది. తను ఒకరి భార్య, ఒకరి కోడలు అన్న సంగతి రోజుల తరబడి గుర్తే రాలేదు. గుర్తు రానందుకు సిగ్గుపడాలని కూడా తోచలేదు.

తిరిగి వచ్చాక పెప్త్సా పిల్లను పట్టుకుని "బొమికలు కనిపిస్తున్నాయి దీనికి!" అంది. అప్పటి నుంచీ ప్రతి క్రిస్మస్‌కీ బల్ల దగ్గర అదొక జోకు. 'అమ్మ నన్ను పస్తులు పెట్టిన ఏడాది' అని ఊర్ష్కాయే చెబుతుంది, అందరూ నవ్వుతారు. బ్రెదా కూడా నవ్వుతుంది. తన జీవితంలో అన్నిటికంటే నిండుగా ఉన్న రోజుల్ని వాళ్ళు పస్తులంటుంటే, కాదని చెప్పడానికి ఒక్కసారీ ఆమెకు నోరు రాలేదు.

క్రాన్‌లో వ్యాను అమ్ముతున్నది నీవెస్ అనే స్కూలు టీచరు. రెండో బిడ్డ పుట్టింది, ఇక ఇందులో పట్టమని అమ్మేస్తోంది. విన్కో తలుపు తెరిచి లోపలికి తొంగి చూసి నొసలు చిట్లించాడు.

"ఇందులో మనిషి నిలబడితే తల తగులుతుంది. పొయ్యి చూశావా? గిన్నె పెడితే గరిటె పెట్టడానికి చోటు లేదు. మనవలొస్తే ఎక్కడ పడుకుంటారు?"

"ఒకసారి నడిపి చూస్తారా అమ్మా?" అని నీవెస్ తాళాలు చాపింది. విన్కో వైపు కాదు, బ్రెదా వైపు. బహుశా ఆమే దగ్గరగా నిలబడి ఉండటం వల్ల కావచ్చు.

విన్కో ఫోన్ చూసుకుంటూ "కానీ, సరదా తీర్చుకో" అన్నాడు.

బ్రెదా వీధి చివరిదాకా వెళ్ళింది. అక్కడితో వెనక్కి తిప్పాలి. తిప్పలేదు. పొలాల మధ్య రోడ్డు మీదికి పోనిచ్చింది. ఎదురుగా కొండల మీద ఇంకా మంచు ఉంది. వెనక రెండు పడకలు, వాటి మీద పట్టుమని రెండు దుప్పట్లు. ఇంకెవరూ పట్టరు, పట్టించుకోమని అడగరు. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రోడ్డు పక్కన ఆపి కళ్ళు తుడుచుకుంది. ఈ బండి నాకు కావాలి, అనుకుంది. ఫలానాది నాకు కావాలి అని చివరిసారి ఎప్పుడు అనుకుందో వెతికితే దొరకలేదు.

తిరిగి వచ్చేసరికి విన్కో అప్పటికే కారులో కూర్చుని సీటు బెల్టు పెట్టేసుకున్నాడు. దారిలో కారు ఆపి వేయించిన ముక్కలు తిన్నారు. "చల్లారినా బానే ఉన్నాయే," అన్నాడు మెచ్చుకోలుగా.

మోటర్‌హోమ్ అమ్ముతున్నాయన పేరు ద్రాగో. చూపు మందగించి అమ్మేస్తున్నాడు. ఇంటి ముందు తెల్లగా, చిన్న ఇల్లంత ఉంది బండి. విన్కో కళ్ళు మెరిశాయి. మగవాళ్ళిద్దరూ ఇంజను మూత ఎత్తి అందులో తలలు దూర్చేశారు. "తొంచ్కా, ఆవిడకి వంటిల్లు చూపించు," అని ద్రాగో భార్యను కేకేశాడు.

తొంచ్కా పొట్టిగా, గుండ్రంగా, బ్రెదా కంటే కొంచెం పెద్దది. ఓవెన్ తెరిచి చూపింది, అరలు లాగి చూపింది. "దీని బరువు మూడున్నర టన్నులు దాటిందమ్మా. మామూలు లైసెన్సుకి కుదరదు. మీవారికి లారీ లైసెన్సు ఉందట కదా, ఇక ఇబ్బంది లేదు."

"ఆయనకుంది. మిలిటరీలో ఉన్నప్పుడు తీసుకున్నాడు."

"మా ఆయనా అంతే. నేను ఒక్క గజం కూడా నడపలేదు." తొంచ్కా సింకు అంచును గుడ్డతో తుడిచింది, అక్కడ మరక లేకపోయినా. "గ్రీసు వెళ్ళాం, స్పెయిన్ వెళ్ళాం, సిసిలీ వెళ్ళాం. ఎవరైనా అడిగితే ఆయన గంటలు గంటలు చెబుతాడు. నాకు మాత్రం ఇదిగో ఈ సింకు మీది కిటికీలోంచి కనబడినంత గ్రీసే గుర్తుంది. ఒక గోడ, ఒక మేక."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఫక్కున నవ్వారు.

బయటికి వచ్చేసరికి తోటలో బల్ల మీద త్స్విచెక్ వైను సీసా, గ్లాసులు సిద్ధంగా ఉన్నాయి. ఆ కొండల్లో బేరం కుదిరితే లీకోఫ్ అని అందరూ కలిసి ఒక గ్లాసు తాగాలి. తాగితే మాట ఇచ్చినట్టే, ఆ తర్వాతి కాగితాలు ఉత్త లాంఛనం. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎవరెవరు బేరంలో ఉంటే వాళ్ళందరూ తాగాలి. గ్లాసు ముట్టనివాళ్ళు మాట ఇవ్వనట్టే లెక్క. తాతల నాటి పద్ధతి, ఇప్పటికీ ఎవరూ తప్పరు. విన్కో ఆమెను ఒక్క మాట అడగకుండానే బేరం తేల్చేశాడన్నమాట.

ద్రాగో మూడు గ్లాసులు నింపి నాలుగో దాని మీదికి సీసా వంచాడు. విన్కో చటుక్కున ఆ గ్లాసు మీద అరచెయ్యి కప్పాడు.

"ఆవిడకొద్దు. వెనక్కి కారు తోలాలిగా!"

"అబ్బ, అదృష్టవంతుడివయ్యా," అన్నాడు ద్రాగో. ఇద్దరూ నవ్వి, గ్లాసులు తాకించి, గటగటా తాగి, చేతులు కలుపుకున్నారు. ఏ పెళ్ళికెళ్ళినా, ఏ విందుకెళ్ళినా జరిగేదే. అతను తాగుతాడు, ఆమె తోలుతుంది. ఆమె గ్లాసు మీద ఎన్నోసార్లు పడ్డ చెయ్యే అది. ఇవాళ బ్రెదా ఆ చేతిని మొదటిసారి పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

"అయితే సోమవారం వచ్చేయండి, కాగితాలు చేసుకుందాం," అన్నాడు ద్రాగో.

"ద్రాగో గారూ," అంది బ్రెదా. "నేను తాగలేదు."

"తెలుసమ్మా, బండి నడపాలి కదా మీరు."

"అవును. తాగలేదు. ఇందులో సగం నాది. మా వారు తాగింది ఆయన సగానికి. నా సగం మాట ఇవ్వలేదు."

విన్కో నవ్వబోయి ఆగిపోయాడు. ద్రాగో తన భార్య వైపు చూశాడు, పద్ధతి ప్రకారం అది నిజమే కదా అని తను ఒప్పుకోవాలో వద్దో తెలియనట్టు. తొంచ్కా తన గ్లాసు ఇంకా పెదాలకు ఆనించలేదు. మెల్లగా వంగి దాన్ని గడ్డిలో ఒంపేసింది.

కారు పల్లె దాటగానే విన్కో మొదలుపెట్టాడు. తర్వాత ఆగలేదు. "నా పరువు తీశావు. పరాయి మనుషుల ముందు! ఏం తక్కువ చేశానే నీకు? ఇంట్లో చెప్పొచ్చుగా!"

"ఇంట్లో చెప్పాను విన్కో. శీతాకాలమంతా చెప్పాను."

ఆమె రోడ్డు పక్కన కారు ఆపి, ఫోన్ తీసి నీవెస్‌కి చేసింది. వ్యాను తనే తీసుకుంటున్నానని, మొత్తం తన డబ్బుతోనేనని, బండి తన ఒక్కదాని పేరు మీదే ఉండాలని చెప్పింది. జులై మొదట్లోనే బయల్దేరతానని కూడా చెప్పింది, ఆమె అడక్కపోయినా. మళ్ళీ కారు స్టార్ట్ చేసింది. ఒకవేళ విన్కో కాస్త మెత్తబడి, ఎక్కడికి వెళ్దామనుకుంటున్నావే అని అడిగితే, రెండో పడక ఎటూ ఖాళీయే కదా, నువ్వూ రా అనాలని మనసులో మాట సిద్ధం చేసుకుంది. నిజంగానే సిద్ధం చేసుకుంది. అతని వైపు చూడకుండా, అతని ప్రశ్న కోసం ఎదురుచూస్తూ నడిపింది.

ఊరి మలుపు దగ్గర విన్కో గొంతు సవరించుకున్నాడు.

"మరి జులై అంతా నేనేం తినాలి?"