ఆరు నుంచి ఏడు

వదిన అన్నయ్య చొక్కాకి గుండీ కుడుతోంది. నేను ఎదురుగా కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. మడిచిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడుస్తున్నానని వదిన కనిపెట్టింది.

"ఆ తువ్వాలు ఏం పాపం చేసిందమ్మా?" అంది.

విప్పిన తువ్వాలునే మళ్ళీ మడిచాను.

మా విశ్వవిద్యాలయంలో ఈ ఏడాది మహిళా అధ్యయనాల కోర్సు పెట్టాలనుకుంటున్నారు. విభాగమంటే ప్రస్తుతానికి ఒక గది, రెండు బల్లలు, మేడమ్, ఆవిడకు సహాయకురాలిగా నేను. ఆడవాళ్ళ గురించి తను ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే చదువుతున్నానని, ఇంకా మొదటి ఏడాదే గట్టెక్కలేదని మా అటెండరు అందరినీ నవ్విస్తుంటాడు. ఇందులో పాఠం చెప్పడానికి ఏముందని, కొత్త కోర్సులు ఆమోదించే సభలో పెద్దలు నవ్వకుండానే అడిగారు. వాళ్ళకు చూపించడానికి ఒక ఇల్లాలి రోజును గంటలవారీగా రాసి తెమ్మంది మేడమ్. పేరు మాత్రం ఉండకూడదంది.

నాకు తెలిసిన ఇల్లాలు వదినే. అడిగితే కూరగాయలు తరుగుతూ అన్నీ చెప్పింది. పేరు తీసేశాను. "సాయంత్రం ఆరు నుంచి ఏడు: గుమ్మం బయట నిలబడటం. కారణం: భర్త చొక్కాకి గుండీ లేదు" అన్న వరస తీయలేదు. మేడమ్ ఆ వరస దగ్గర చాలాసేపు ఆగింది. రేపటి సభలో పంచే పుస్తకంలో ఆ కాగితాన్నే నమూనాగా వేయించింది.

పుస్తకం కుట్టేది మా విశ్వవిద్యాలయ ముద్రణాలయంలో, అంటే అన్నయ్య చేతుల మీదుగానే. అది తెలిసీ నేను భయపడలేదు. పదిహేనేళ్ళుగా బైండింగు చేస్తున్నా అన్నయ్య ఒక్క వాక్యం చదివిన పాపాన పోలేదు. కాగితాలు మడిచేటప్పుడు అతని కళ్ళు పేజీ అంకెల మీదే ఉంటాయి. అక్షరాలు మీవి, అంకెలు మావి అంటాడు. పాడైన కాగితాలు ఇంటికి తెస్తే వదిన అలమరలో పరుస్తుంది. మా గిన్నెలన్నీ పాఠ్యప్రణాళికల మీదే బోర్లించి ఉంటాయి.

ఇవాళ మధ్యాహ్నం ముద్రణాలయం నుంచి మేడమ్‌కి ఫోన్ వచ్చింది. పన్నెండో పేజీ మధ్యలో ఐదు, ఆరు, ఏడు అని అంకెలు ఏమిటని బైండరు అడుగుతున్నాడట. అవి గంటలని మేడమ్ చెప్పింది. కావాలంటే చదివి చూసుకోమంది.

ఆ బైండరు అన్నయ్యే.

"వదినా, ఆ కాగితం అన్నయ్య చదివాడు" అన్నాను చివరికి.

సూది ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

అన్నయ్య రోజూ వచ్చే వేళకే వచ్చాడు. సంచిలోంచి కాగితం తీసి నా ముందు పరిచాడు. గట్టిగా మాట్లాడలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఇది నువ్వు కల్పించి రాశావని రేపు పొద్దున్నే మీ మేడమ్‌కి చెప్పు. చెప్పకపోతే నీకు ఆ గదీ లేదు, ఈ ఇల్లూ లేదు."

కల్పించానంటే సభలో మేడమ్ తల ఎత్తలేదు, కోర్సు అక్కడితో సరి. అనకపోతే ఈ రాత్రి వదిన గతి ఏమిటో. అలాగే అన్నయ్యా అనబోయాను. నిజంగానే అనబోయాను.

"తప్పే పడింది" అంది వదిన తలెత్తకుండా. "ఏడు కాదు. ఎనిమిది దాకా నిలబడ్డాను."

ఆ ఒక్క గంటా నేనే తగ్గించాను, చదివేవాళ్ళు నమ్మరేమోనని.

అన్నయ్య ఆమె వైపు చూడలేదు. వేలెత్తి గుమ్మం చూపించాడు. ఎప్పుడూ అంతే, దానికి మాట కూడా ఖర్చు పెట్టడు.

వదిన దారం పంటితో కొరికింది. గుండీ లాగి చూసి, చొక్కా దులిపి కుర్చీకి తగిలించింది. నా ముందున్న కాగితం తీసి మడిచి చేతిలో పెట్టుకుంది. గుమ్మం దాటింది. తలుపుకి ఎడమ పక్కన, ఆమె వీపు తగిలి సున్నం అరిగిన చోట ఆగుతుందని నేను చూస్తున్నాను, అన్నయ్యా చూస్తున్నాడు.

చెప్పులు తొడిగిన చప్పుడైంది. తరువాత మెట్లు. అన్నయ్య పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. మా ఇంటికి పద్దెనిమిది మెట్లు. పద్దెనిమిదీ అయ్యాక కింద వీధి తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది.