ఉరుము లింగస్వామి సగం మీసం

రండి, రండి, దగ్గరికి జరగండి. ఓ పెద్దాయనా, జర ఆ పల్లీలు నమలడం ఆపితే నా మాట వినబడుతుంది. ఆ మూలన గుసగుసలు కూడా చాలు. మీ అత్త సంగతి రేపు చెప్పుకోవచ్చు, ఆమె ఎక్కడికీ పోదు. నేను చెప్పబోయేది ఉరుము లింగస్వామి గొంతు సంగతి. ఇందులో ఒక్క అబద్ధం ఉన్నా నా నాలుక మీద కాకి వాలాలి. కాకి అంటే నాకేం భయం లేదు, నేను నోరు ఆపితే కదా అది వాలేది.

లింగస్వామిది నల్లగొండ పక్కన పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో కూలర్ మోటార్లకు రాగితీగ చుట్టే దుకాణం. పగలు మోటార్లు, సాయంత్రమైతే రాక్ బ్యాండు. బ్యాండు పేరు ఉరుము. గిటార్ వాయించేది ఆయన ప్రాణ స్నేహితుడు బిక్షమయ్య. కీబోర్డుకు ఒకరు, డ్రమ్ములకు ఒకరు. ఆ రోజుల్లో చిరిగిన జీన్సు దుకాణాల్లో దొరికేది కాదు. లింగస్వామి మంచి జీన్సు కొని, తిరిగే మోటారుకు ఆనించి, తనే చింపుకునేవాడు. పొడుగు జుట్టు, దానికి తగ్గ మీసం.

వాళ్లకు పేరు తెచ్చిన పాట ‘తలుపు తియ్యి మబ్బా’. దాని చివర ఒక కేక ఉంటుంది. మబ్బును తలుపు తీయమని అడిగి అడిగి, చివరికి గొంతుతోనే తలుపు బద్దలు కొట్టే కేక. సరూర్‌నగర్‌లో మొదటిసారి ఆ కేక వేసినప్పుడు చైతన్యపురిలో ట్యూబులైట్లు స్విచ్చి వేయకుండానే వెలిగాయి. ఎల్బీ నగర్‌లో ఆగి ఉన్న బస్సు డ్రైవర్ లేకుండానే ఒక స్టాపు ముందుకు పోయింది. కండక్టర్ టికెట్లు కొట్టడం మాత్రం ఆపలేదు. తుర్కయంజాల్‌లో ఒక బర్రె ఉలిక్కిపడి పాలకు బదులు పెరుగే ఇచ్చింది. ఆ ఇంటివాళ్లు తోడు వేసే పని లేకుండా పండగ చేసుకున్నారు.

అది అప్పటి మాట. తర్వాత వయసు వచ్చింది. మోకాలికి వచ్చిన వయసు కుంటుతుంది, అందరికీ కనబడుతుంది. గొంతుకు వచ్చిన వయసు అట్లా బయటపడదు. కింది స్వరాల్లో వెతికితే దొరకదు, అక్కడ గొంతు ఇంకా బరువెక్కి, గరుకెక్కి, వినడానికి బాగానే ఉంటుంది. పై స్వరాలు మాత్రం ఒక్కొక్కటే చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతాయి. లింగస్వామికి అరవై దగ్గరపడ్డాయి. అయినా ఏ వేదిక ఎక్కినా ఆ పాట, ఆ కేక. జనం ఈలలు. ఆయన మీసం మెలేసి దిగేవాడు.

పోయినేడు ఎల్బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో రెండు బ్యాండ్లు పాడాయి. రెండో బ్యాండు వెంకట్రావుది. ఆయన కోస్తా మనిషి, ముప్ఫై ఏళ్ల కిందట వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డాడు. ఆయనా ఒకప్పుడు గోడలు అదిరేలా పాడినవాడే. ఆ రోజు మైకు పట్టుకుని నవ్వుతూ అన్నాడు.

“వయసైపోయిందండీ. పాత పాటే, శ్రుతి రెండు మెట్లు దించి పాడతాను. ఏమీ అనుకోకండి.”

జనం చప్పట్లు కొట్టారు. ఆయన దించి పాడాడు. బాగుంది కూడా. తర్వాత లింగస్వామి వంతు. ఈ మనిషి పాట మొదలుపెట్టకుండా ముందు నోరు మొదలుపెట్టాడు.

“చూసిండ్రా అన్నా? మెట్లు దిగి పాడ్తడంట! ఇంకో రెండేండ్లయితే సెల్లార్ల కూసొని పాడ్తడు, మనం పైన బండ్లు పెట్టుకోవాలె. ఇనుండ్రి, ఈ ఉరుము లింగస్వామి ఒక్క మెట్టు దిగిననాడు సగం మీసం తీసేసి ఎల్బీ నగర్ చౌరస్తల నిలబడ్త!”

హాలంతా ఈలలు. వెంకట్రావు పక్కన కుర్చీలో కూర్చుని “కానివ్వండి, కానివ్వండి” అంటూ నవ్వాడు. నవ్వుతూనే తన మైకు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టిందే విప్పి మళ్లీ చుట్టాడు. తల మాత్రం ఎత్తలేదు.

వేదిక మీద ఇంకొకాయన కూడా తల ఎత్తలేదు. బిక్షమయ్య. ఎందుకంటే ఏళ్ల తరబడి ‘తలుపు తియ్యి మబ్బా’ మెట్లు దిగుతూనే ఉంది. ఆ సంగతి బ్యాండు మొత్తానికి తెలుసు, లింగస్వామికి తప్ప.

అదెట్లా అంటారా? లింగస్వామి సరిగమలు నేర్చినవాడు కాదు. బిక్షమయ్య తీగ మీటితే ఆ తీగ వెంట పోవడమే ఆయనకు తెలిసిన సంగీతం. ఒకసారి ఎవరి పెండ్లిలోనో కేక దగ్గర గొంతు పట్టేసింది. దగ్గు వచ్చినట్టు నటించి, షామియానా వెనక్కి పోయి, నీళ్ల డ్రమ్ము పట్టుకుని నిలబడ్డాడు. బిక్షమయ్య వెతుక్కుంటూ పోయి చూశాడు. మనిషి ఏడుస్తున్నాడు. తర్వాతి ప్రోగ్రాంకు బిక్షమయ్య గిటార్ తీగలు కొంచెం వదులు చేసి శ్రుతి దించాడు. కీబోర్డాయన కూడా శ్రుతి దించే బటన్ నొక్కాడు. కేక పలికింది. లింగస్వామి చిన్నపిల్లాడిలా ఎగిరాడు. ఇక చెప్పడానికి నోరెట్లా వస్తుంది? గొంతు తగ్గినప్పుడల్లా తీగలు వదులయ్యాయి.

కానీ వెంకట్రావు తల దించుకున్న ఆ సాయంత్రం నుంచి బిక్షమయ్యకు తిండి సహించలేదు. తను వదులు చేసిన తీగల మీద నిలబడి లింగస్వామి ఇంకొకరిని నవ్వులపాలు చేశాడు. చెబితే లింగస్వామి పరువు పోతుంది. చెప్పకపోతే వెంకట్రావు పరువు పోయినట్టే. బిక్షమయ్య పాపం, రెండు పరువుల మధ్య మూడో పరువు పోగొట్టుకుని తిరిగాడు.

ఇంతలో ఈ ఏటి వినాయక చవితి వచ్చింది. చైతన్యపురిలో హాస్టళ్ల మధ్య గల్లీలో మండపం. అక్కడ ఉరుము వాళ్ల ప్రోగ్రాం, అదే రోజు లింగస్వామి అరవయ్యో పుట్టినరోజు. ఆయన బిడ్డ మృదుల తండ్రికి తెలియకుండా ఒక ఏర్పాటు చేసింది. సరూర్‌నగర్ ప్రోగ్రాం వీడియో క్యాసెట్ ఎక్కడో అటక మీద దొరికితే బాగు చేయించింది. వేదిక వెనక పెద్ద తెర పెట్టించింది. తెర మీద పాత లింగస్వామి, తెర ముందు ఇప్పటి లింగస్వామి, ఇద్దరూ కలిసి పాడాలి. ఇంకా గొప్పగా ఉంటుందని వెంకట్రావును ముఖ్య అతిథిగా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టింది.

బిక్షమయ్య వైర్లు కలుపుతుండగా ఆ పిల్ల వచ్చి సంబరంగా చెప్పింది.

“వద్దు బిడ్డా.”

“ఎందుకు కాకా?”

“ఆ తెర... కరెంటు మస్తు లాగుతది.”

“జనరేటర్ ఉంది కదా కాకా.”

“పాత క్యాసెట్ గదా, బూజు ఉంటది. మీ నాయినకు బూజు పడది.”

“తెర మీద బూజు కూడా ముక్కులోకి పోతదా? ఏంది కాకా నువ్వు, పరేషాన్ చేస్తున్నవ్!” అని మృదుల నవ్వుకుంటూ పోయింది.

మళ్లీ పిలిచి అసలు మాట చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. గిటార్ అందుకున్నాడు. పాత గొంతు ఉన్న మెట్టు మీదే వాయించాలి, లేకపోతే తెరకూ బ్యాండుకూ పొత్తు కుదరదు. ఏళ్ల తర్వాత తీగలు బిగించాడు. ఒక్కో తీగ బిగుస్తుంటే తన మెడకే బిగుస్తున్నట్టు అనిపించింది.

దీపాలు వెలిగాయి. హాస్టల్ బాల్కనీల నిండా పిల్లలు, అందరి చేతుల్లో ఫోన్లు. లింగస్వామి నల్లరంగు వేసిన మీసంతో వేదిక ఎక్కాడు. వెనక తెర వెలిగింది. పొడుగు జుట్టు, చిరిగిన జీన్సు, సన్నటి నడుం, తనే. ఒక్క క్షణం బిత్తరపోయి, బిడ్డ వైపు చూసి మురిసిపోయాడు. పాట మొదలైంది.

మొదటి చరణంలోనే ఏదో తేడా కొట్టింది. తీగ ఎక్కడో పైన పోతోంది, ఈయన కింద నుంచి చేతులు చాస్తున్నాడు. పక్కకు తిరిగి “ఏందిరా, గింత పైకి పోయినవ్?” అన్నాడు. బిక్షమయ్య తల ఎత్తకుండా వాయిస్తున్నాడు. రెండో చరణానికి మెడ నరాలు తేలాయి. కేక వచ్చింది. తెర మీది పిల్లోడు తల వెనక్కి వంచి మబ్బును బద్దలు కొట్టాడు. తెర ముందున్న పెద్దాయన నోరు తెరిచాడు. అందులోంచి వచ్చింది కేక కాదు. తడిసిన తలుపు గడప మీద రాసుకుంటే ఎట్లా ఉంటుందో, అది వచ్చింది.

పాట ఆగింది. తెర ఆగలేదు. తెర మీద జనం ఈలలు వేస్తున్నారు. బాల్కనీ పిల్లలు కూడా చప్పట్లు కొట్టారు, తెరకే కొట్టారు.

లింగస్వామి మైకు దించడం మరిచిపోయి అడిగాడు. గల్లీ అంతా విన్నది.

“బిక్షమయ్యా, ఎప్పటిసంది?”

“శానా ఏండ్లాయె.”

“ఎంత దించినవ్?”

“నన్ను అడుగకు.”

“చెప్పురా!”

“ఇంకింత వదులు చేస్తే, ఆ తీగల మీద బట్టలు ఆరేసుకోవచ్చు.”

ఎవరో నవ్వారు. మృదుల రెండు చేతులతో ముఖం కప్పుకుంది. లింగస్వామి వేదిక దిగాడు. దిగే దారి సరిగ్గా ముందు వరస పక్కనుంచే. వెంకట్రావు ఏమైనా అంటాడని ఆయన ఎదురుచూశాడు. ఒక మాట అంటే బాగుండు, తిరిగి ఒక మాట అనొచ్చు. వెంకట్రావు ఫోన్ చూసుకుంటున్నాడు. చాలా శ్రద్ధగా చూసుకుంటున్నాడు. ఫోన్ తలకిందులుగా ఉంది. లింగస్వామికి అది కనబడింది. పోయినేడు తను అన్న ప్రతి మాటా వెనక్కి వచ్చి చెవుల్లో దూరింది. పూలదండ మెడలో ఉందని కూడా మరిచి, అట్లాగే నడిచి ఇంటికి పోయాడు.

ఇంట్లో భార్య స్వరూపరాణి వంకాయలు కోస్తోంది.

“నీకు గూడ ఎరుకేనా?” అన్నాడు.

ఆమె ఏ సంగతని అడగలేదు. అదే జవాబు. అయినా మెల్లగా అన్నది: “నాకే గాదు, కూరగాయల బండాయనకు గూడ ఎరుకే. మీరు వాకిట్ల పాడితే ఆయన ‘టమాటా’ అని గూడ చిన్నగనే అంటడు, మీది వినపడకుండ పోతదని.”

లింగస్వామి అద్దం ముందు నిలబడ్డాడు.

పొద్దున ఎల్బీ నగర్ చౌరస్తా ఎట్లా ఉంటుందో మీకు చెప్పాలా? పైన మెట్రో, కింద సూర్యాపేట, నల్లగొండ బస్సులు, ఆటోలు, లొల్లి. ఆ లొల్లి మధ్య మెట్రో స్తంభం కింద లింగస్వామి నిలబడ్డాడు. ఎడమ పక్క నల్లటి మీసం, కుడి పక్క ఎన్నేళ్లుగానో ఎండ తగలని తెల్లటి చర్మం. ఆ తెలుపు ఎంతగా మెరిసిందంటే రెండు ఆటోలు సిగ్నల్ మారిందనుకుని కదిలాయి. వెంకట్రావుకు ఫోన్ చేసి రమ్మన్నాడు. కబురు తెలిసి బిక్షమయ్య కూడా ఉరికొచ్చాడు.

వెంకట్రావు మెట్రో మెట్లు దిగుతూనే చూసి చేతులు ఊపాడు. “అయ్యో, ఇదేం పనండీ! సరదాకి అన్నారనుకున్నాను. పదండి, పదండి, టీ తాగుదాం.”

“సరదా కాదు అన్నా. నిన్ను తక్కువ జేసి నేను పెద్దగ కనపడాలనే అన్న.”

“సరేనండీ, అయిపోయింది కదా.”

“కాలే. మైకుల అన్న మాటకు చెవుల సారీ చెప్తే సరిపోతదా?”

అని, చౌరస్తా వైపు తిరిగి, గుండెల నిండా గాలి పీల్చి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు: “వెంకట్రావన్నా! తప్పయిందే!” ‘తప్పయిందే’ దగ్గర గొంతు రెండు ముక్కలైంది. ఆగలేదు, ఆ ముక్కతోనే ఇంకోసారి అరిచాడు. బస్సులు కదలలేదు, లైట్లు వెలగలేదు. దిగుతున్న జనం ఆగి చూశారు, ఒకరిద్దరు వీడియో తీశారు. వెంకట్రావు కళ్లు తుడుచుకుంటూ, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇక చాలు చాలు అన్నాడు.

బిక్షమయ్య ముందుకొచ్చి తల వంచుకున్నాడు. “నీకు చెప్పాల్సింది. ముఖం చెల్లలే.”

లింగస్వామి ఆ వంచిన తల మీద చెయ్యి వేశాడు. “రేపటిసంది దించు. నాకు ఎరుకయ్యేటట్టు దించు. పాటకు ఎంత గావాల్నో అంత దించు, ఇంకో మెట్టు నా ఎచ్చుల మాటలకు దించు.”

ముగ్గురూ అట్లాగే నిలబడ్డారు, ఎవరి ముఖం ఎవరూ చూడకుండా.

అప్పుడే నల్లగొండ బస్సు దిగింది సైదమ్మ అనే ముసలామె. నెత్తిన ఉల్లిగడ్డల మూట. లింగస్వామిని ఆ చెంప నుంచి ఈ చెంప దాకా చూసింది. మూట దించింది. అందులోంచి బరువు చూసి చూసి ఒక ఉల్లిగడ్డ తీసింది.

“ఏం కొడుకా, ఒక్కపక్కనే మీసం పెట్టుకొని బస్సెక్కుతవా? మలుపుల ఆ పక్కకు ఒరిగి పడ్తవు. ఇగో, ఇది ఈ పక్కకు కట్టుకో, సమానమైతది.”