గుంట మీదుగా పోయిన టేపు

నేను ఒక టైలరు టేపును. ఆ పొద్దున నన్ను కత్తెర పక్కన పెట్టలేదు. ఆసుపత్రికి సర్దుతున్న సంచిలో, రెండు చీరలకూ ఊరగాయ సీసాకూ మధ్య కుక్కారు. నిలకడ లేక, చుట్టినకొద్దీ విడిపోయాను.

"టేపెందుకమ్మా? గుంటూరులో జాకెట్లు కుడతావా ఏంది?" అంది హైమ.

"ఆపరేషనయ్యాక నీ కొలత మారదా? కబుర్లాపి జిప్పు పెట్టు," అంది తల్లి ధనకోటి.

ఏ ఫ్యాక్టరీలోనో నాకు అంకెలు అచ్చువేసి, కొసలకు రేకు తొడిగారు. చీరాల బజారులో మస్తాన్ గారి మెడలో చాలాకాలం వేలాడాను. చూపు తగ్గాక ఆయన నన్ను శిష్యురాలు ధనకోటికి ఇచ్చాడు. మనుషులు నా మీది అంకెను నమ్మినంతగా తమ కళ్లను నమ్మరు. బిగించి చుడితే నేను గుంటను తాకకుండా, దాని మీదుగా పోతాను. లోతు సంగతి నాకేం తెలుసు?

హైమ రొమ్ము ఎముక దగ్గర గుప్పెడు నీళ్లు నిలిచేంత గుంట ఉండేది. వయసుతోపాటు అదీ లోతైంది. ధనకోటి డ్రెస్సు లోపల దూది పరిచి అస్తరు కుట్టేది. తన జాకెట్లకూ అంతే. "పైకి కనపడకపోతే లేనట్టే," అనేది. పిల్ల నాలుగడుగులు పరిగెత్తి ఆయాసంతో కూలబడితే, తిండి చాలక అనుకుని గుడ్లు ఉడకబెట్టేది. చివరికి చీరాల డాక్టరు ఆ గుంట చూసి, ఆపరేషను చెయ్యాలంటూ గుంటూరు పంపాడు.

గుంటూరులో డాక్టరమ్మ స్కాను చూపించింది. "ఎముక లోపలికి వంగి గుండెను ఎడమకు నెట్టింది. కూర్చున్నప్పుడు సర్దుకుంటుంది. పరిగెత్తినప్పుడే, రక్తం నిండడానికి దానికి చోటు చాలదు. కమ్మీ పెట్టి ఎముకను పైకి లేపుతాం. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"ఎవరికీ లేదండీ," అంది ధనకోటి, కొంగు సర్దుకుంటూ.

నాకు నోరుంటేనా!

హైమ ఊరుకోలేదు. "అమ్మకుందండీ, నాకన్నా ఎక్కువ! చెప్పవే అమ్మా, దూది పీకి చూపించమంటావా?"

"ముందు నీ సంగతి కానియ్యి. నాది పుట్టినకాడి నించీ ఉన్నదేగా, ఇప్పుడు ఎక్కడికి పోద్ది?"

హైమ ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక ధనకోటి నన్ను మెల్లగా బిడ్డ చుట్టూ తిప్పింది. ఆ ఛాతీ మొత్తం నాకు తగలడం అదే మొదలు. "పెరిగిందే!" అని నవ్వబోయి, ఊపిరందక మంచం పట్టె పట్టుకుంది.

అప్పుడు గానీ ఆమెను పరీక్షించలేదు. ఏళ్ల తరబడి చోటు లేక నలిగిన గుండె అది. దాని కవాటం కూడా వదులైపోయింది. కాస్త బలం రానిదే కత్తి పెట్టలేమన్నారు. చక్రాల కుర్చీలో పై అంతస్తులోని గుండె వార్డుకు తీసుకుపోతుంటే, ధనకోటి నన్ను తీసి హైమ చేతిలో పెట్టింది.

"ఆ అంకె మర్చిపోమాకే. వచ్చి కుడతా."

హైమ ఇప్పుడు పరిగెత్తి బస్సు ఎక్కుతోంది. జాకెట్లు కుట్టే ఇంకెవరికైనా నన్ను ఇచ్చెయ్యమంటున్నారు చుట్టాలు. ఇస్తుందో, ఉంచుకుంటుందో.

ధనకోటి తిరిగి రాలేదు. కార్తీకమాసం మొదటి సోమవారం మధ్యాహ్నం ఆ పై అంతస్తులోనే పోయింది.