లతీఫ్ భాయ్ కూత

ముందు రంగు వేసి తర్వాత నీళ్లు పోసే తెలివి మా షెడ్డుకు ఎవరిచ్చారో గానీ, వాళ్ల నోట్లో మన్ను పడ!

మా చిన్న రైలులైను వేసి డెబ్బయ్యైదేళ్లు నిండాయి. వచ్చే ఏడు దాన్ని పీకేసి పెద్దలైను వేస్తారట. పీకేముందు పండుగ చేస్తారట! ఏళ్ల తరబడి పిచ్చుకలు గూళ్లు పెట్టుకున్న బొగ్గింజనును షెడ్డులోంచి బయటికి లాగారు. రిటైరైన డ్రైవర్ లతీఫ్ భాయ్‌నీ, ఆయన దగ్గర బొగ్గు వేసీ వేసీ నడుము విరగ్గొట్టుకున్న ఫైర్‌మన్ మారయ్యను, అంటే నన్నూ దాన్ని నడపడానికి పిలిపించారు.

లతీఫ్ భాయ్ వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకో నాకు తెలుసు. ఆయన ఇల్లు ఔటర్ సిగ్నల్ దగ్గర, పట్టాల పక్కనే. డ్యూటీ మీంచి వస్తూ అక్కడికి చేరగానే ఒక పొడుగు కూత, దాని వెంట రెండు పొట్టి కూతలు వేసేవాడు. అది విని ఇంట్లో జాహేదా భాబీ చాయ్ నీళ్లు పొయ్యి మీద పెట్టేది. ఇప్పుడామె మంచం పట్టింది. చక్కెర రోగం ముందు చూపును తిన్నది, తర్వాత కిడ్నీలను తిన్నది. పట్నం దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

"కండ్లు పోయినయి గానీ చెవులున్నయి మారయ్యన్నా," అంది నాతో. "మీ దోస్తు కూత ఒక్కసారి ఇంటే చాలు. ఇగ నాకేమొద్దు."

ఆ మాటతో లతీఫ్ భాయ్‌కి పూనకం వచ్చినట్టయింది. దగ్గుకుంటూనే పొద్దంతా షెడ్డులో పడి ఉండేవాడు. ముందుగా బాయిలర్‌లో నీళ్లు పోసి చూద్దామని ఇద్దరం మొత్తుకున్నాం. షెడ్డు ఆఫీసరు అమరేందర్ సారు వినలేదు. పేపరోళ్లు ఫొటోలు తీసుకోవాలట, ముందు రంగు కావాలట. నల్లరంగు, ఎర్రగీత, ఇత్తడికి మెరుగు. పండుగ రేపనగా నీళ్లు పోసి మంట పెడితే బాయిలర్ లోపలి ట్యూబులు కారాయి. నీళ్లు మంట మీద పడి పొయ్యి ఆరిపోయింది. కొత్త ట్యూబులు ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకవు.

"గదే చెప్పిన గద సార్!" అని అరిచాను. "గోడ నిలుస్తదో కూలుతదో సూడకుంట సున్నమేస్తరా ఎవలన్న?"

"అరవకు మారయ్యా. వెనక డీజిల్ పెట్టి నెట్టిస్తాం. నువ్వు పొయ్యిలో ఆయిల్ గుడ్డలు కాల్చు. పొగ కనబడితే చాలు."

లతీఫ్ భాయ్ రెండు చేతులూ జోడించాడు. ఆయన ఎవరికైనా చేతులు జోడించడం నేను అంతకుముందు చూడలేదు. "పొగ లేకున్నా ఫికర్ లేదు సార్. ఒక్క కూత రావాలె. జర ఏమన్నా చెయ్యుండ్రి."

"ఆవిరి లేకుండా కూత ఎక్కడిది లతీఫ్? నీకు నేను చెప్పాలా? డీజిల్ హారన్ ఉంది కదా."

పండుగ నాడు మాకు బంతిపూల దండలు వేశారు. నేను ఆయిల్ గుడ్డలు కాల్చాను. నల్లటి పొగ లేస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఔటర్ సిగ్నల్ దగ్గరికి రాగానే లతీఫ్ భాయ్ చెయ్యి దానంతటదే కూత గొలుసు మీదికి పోయింది. లాగాడు. మళ్లీ లాగాడు. గొలుసు కిందికి వచ్చింది గానీ కూత రాలేదు. ఆయన ఇంటి కిటికీ బార్లా తెరిచి ఉంది. వెనక డీజిల్ హారన్ బర్రుమంది.

దిగీ దిగగానే ఇద్దరం ఇంటికి పోయాం. భాబీ తల దువ్వించుకుని, నారాయణపేట చీర కట్టించుకుని, ముఖం కిటికీ వైపు పెట్టి పడుకుని ఉంది. అడుగుల చప్పుడు విని ఉలిక్కిపడింది.

"మీరేంది, ఇంట్లకొచ్చిన్రు? ఇందాక ఏదో డీజిల్ పోయింది. మీ బండి ఇంకా తియ్యలేదా?"

 లతీఫ్ భాయ్ నావైపు చూశాడు. 

"జర లేటున్నది జాహేదా," అన్నాడు. "చెప్పి పోదామని వచ్చిన."

"లేటైతే ఏమాయె, నేనెక్కడికి పోత?" అని నవ్వింది. అంతలోనే కసురుకుంది. "ఇంజన్ ఇడిసిపెట్టి ఎవలన్న వస్తరా? పోండ్రి, పోయి బండి తియ్యుండ్రి. మారయ్యన్నా, తోలుకపో!"

బయటికి వచ్చాం. పోవడానికి మాకు బండి ఎక్కడుంది? కిటికీకి కాస్త దూరంలో పట్టాల మీద కూలబడ్డాం. ఆమె చెవులు చురుకైనవి. అందుకని లతీఫ్ భాయ్ ఏడుపు వినబడకుండా తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.