సఖావత్ పుస్తకం

సఖావత్ వేలి కణుపుతో డయల్ అద్దాన్ని రెండుసార్లు తట్టాడు. తట్టకపోతే ముల్లు కదలదు. దాని మొండితనం అతనికి పందొమ్మిదేళ్లుగా తెలుసు. "ఎనభై," అని పైకే అని, పుస్తకంలో తొమ్మిది గంటలకు ఎదురుగా రాశాడు. పొద్దున రాగానే సాయంత్రం ఆరు దాకా గంటలన్నీ వరసగా వేసి పెట్టుకోవడం అతని అలవాటు.

శంషాబాద్ దాటాక ఉన్న ఆ నూనె మిల్లులో ట్యాంకు వేడి చూడడమే అతని పని. భార్య నసీమా పోయాక ఆరాంఘర్ గదిలో పలకరించే మనిషి లేదు. ఇక్కడ ఈ పది అంకెలైనా పైకి అనకపోతే తన గొంతు తానే మరిచిపోతానేమోనని భయం.

వారం కిందట వేడిని తనే చదువుకునే కంప్యూటర్ వచ్చింది. అది కుదిరితే సఖావత్ అక్కర్లేదు. ఈ సాయంత్రానికి కుదరకపోతే దాన్ని వెనక్కి పంపేస్తానని మేనేజరు అందరి ముందే చెప్పాడు. ఆ మహాయంత్రం ట్యాంకు వేడి ఇరవై వేల డిగ్రీలంటోంది! దాన్ని బిగించిన ఇంజనీరు సుధీర్ తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాడు. మూడు గంటలకు వాడిన మొహంతో వచ్చి సఖావత్ పక్కన కూలబడ్డాడు.

"సఖావత్ గారూ, మీ పుస్తకం ఒకసారి చూడొచ్చా?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. నిండిన పుస్తకాలు అటకెక్కడమే గాని, తెరిచిన నాథుడు లేడు. ఇవ్వకపోతే తన ఉద్యోగం మిగులుతుందని సఖావత్‌కు తెలుసు. కానీ ఎవరో ఒకరు తన రాత చదవాలన్న ఆశ ఇంకా పాతది. వారంగా తన అంకె పక్కనే కంప్యూటర్ అంకె కూడా రాసిన పేజీ తెరిచి ఇచ్చాడు.

"గిటు నా లెక్క, గటు మీ డబ్బా లెక్క. జర చూడుండ్రి సాబ్. ముల్లు ఒక్క డిగ్రీ ఎక్కితే మీది రెండొందల యాభై ఆరు ఎక్కుతది. ఎప్పుడైనా గంతే. దానికి పిచ్చి లేవలే, ఏందో తిరగేసి చదువుతున్నది."

సుధీర్ ప్రతి వరసా వేలు పెట్టి చదివాడు. చటుక్కున లేచాడు. ట్యాంకు నుంచి అంకె రెండు ముక్కలుగా వస్తోంది. కంప్యూటర్ రెండో ముక్కను ముందు పెట్టుకుంటోంది. వరస మార్చగానే తెర మీద ఎనభై రెండు పడింది. డయల్ మీదా ఎనభై రెండే.

"మీరు లేకపోతే నా పరువు..." అంటూనే సుధీర్‌కు గుర్తొచ్చింది. "మరి మీ ఉద్యోగం?"

"ఇగ కానియ్యుండ్రి సాబ్. మీరు మొత్తం చదివిన్రు గద."

మూడున్నరకే మేనేజరు పిలిచి, ఇక రానక్కర్లేదన్నాడు. సఖావత్ తిరిగొచ్చి టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. సుధీర్ తెర ముందు పనిలో ఉన్నాడు. వెళ్తూ సఖావత్ డయల్ అద్దాన్ని రెండుసార్లు తట్టాడు. అంకె మాత్రం పైకి అనలేదు.

స్టూలు మీద పుస్తకం తెరిచే ఉంది. నాలుగు, ఐదు, ఆరు గంటలకు ఎదురుగా ఏమీ లేదు.